ఉంచుకోమన్న మేకలు

జనవరి 11

ఛీ.

ఎవరితోనైనా చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. చెప్పుకోవడానికి ఈ ఇంట్లో ఎవరున్నారు? ‘నాతో ఎవరున్నారు’ అని అర్థం వచ్చేలా నాకు కెనాలెమాంగ్ అని పేరు పెట్టిన మా అమ్మకి ఈ సంగతి ముందే తెలుసు కాబోలు.

పొద్దున్నే మా అన్న ఒడిరిలే బండి తెచ్చి గేటు ముందు ఆపాడు. వెనక తొమ్మిది మేకలు. వాటిని మేకలనడం మర్యాదకే. ముళ్లకంప మీద తోళ్లు ఆరేసినట్టున్నాయి. వెనక కాళ్ల మధ్య పెంట కారి గడ్డకట్టి, దాని మీద ఈగలు ముసురుతున్నాయి. రెండింటికి దవడ కింద నీళ్లసంచిలా వాపు వేలాడుతోంది. ఒకటైతే బండిలోంచి దిగలేక దొర్లి నా పూలకుండీ మీద పడింది. దాన్ని లేపడానికి కూడా ఆయన చెయ్యి పెట్టలేదు.

ఆస్పత్రి లాండ్రీలో నా వయసంతా రక్తం, చీము, అంతకంటే చెప్పుకోలేనివి అంటిన దుప్పట్లు ఉతికాను. ఆ పని పోయి ఊరికి తిరిగొచ్చాక, ఇక ఒకరి కంపు నా చేతికి అంటనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. వాకిలి రోజూ రెండు పూటలా ఊడుస్తున్నాను. నా తెల్ల దుప్పట్లు తీగ మీద ఆరుతుంటే ఈ వీధిలో ఆగి చూడనివాళ్లు లేరు.

ఇవెందుకు నాకని అడిగాను. ఆయన కూతురు ఖుమోని అడగడానికి శనివారం పెళ్లివారు వస్తున్నారట. వచ్చినవాళ్లు ముందు దొడ్డి చూస్తారట. ఇలాంటి పశువులు కనిపిస్తే పరువు పోతుందట. ముక్కు మీద రుమాలు పెట్టుకుని, బండి దిగకుండానే చెప్పాడు ఇదంతా.

“బతికితే ఉంచుకో, చస్తే పాతెయ్.”

అంతే, వెళ్లిపోయాడు. ఆయన పరువు కంపు కొట్టకుండా ఉండటానికి నా వాకిలి కంపు కొట్టాలి. పెళ్లికాని చెల్లెలు ఉండేది ఇందుకే కదా.

జనవరి 12

దొర్లి పడినది చచ్చింది.

జనవరి 13

పక్కింటి ఫెన్యో వాళ్లమ్మ కత్తి పట్టుకుని వచ్చి చచ్చిన మేకని కోసింది. ఎందుకు చచ్చిందో చూడకుండా పాతిపెడితే మిగతావీ ఇలాగే పోతాయంది. ఆవిడకి లోకంలో ఏదీ అసహ్యం కాదు. మేకకి నాలుగు పొట్టలుంటాయట, నాలుగోది చీల్చి నన్ను రమ్మని పిలిచింది. లోపలి గోడంతా పురుగులు. వెంట్రుకంత సన్నగా, ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టు, వేలకు వేలు. అన్నీ ఇంకా కదులుతున్నాయి. అవి తాగేది రక్తమట. మేకలో రక్తమనేదే మిగల్లేదు, మాంసమంతా ఉతికిన గుడ్డలా పాలిపోయి ఉంది.

నేను కంచె దాకా పరిగెత్తి కక్కాను. ఆవిడ కత్తి గడ్డికి తుడుచుకుంటూ నవ్వింది.

“నిన్న గిన్నెడు మొపానీ పురుగులు కరకరా నమిలావు. ఆ నోటితోనేనా కక్కుతున్నావు?”

అవి వేరు. అవి చెట్టు మీద ఆకు తిని పెరిగేవి, పేగు పిండేసి ఉప్పునీళ్లలో ఉడికించి ఎండబెట్టేవి. ఇంత చెప్పినా ఆవిడ నవ్వు ఆపలేదు. రాత్రికి మొపానీ పురుగుల డబ్బా తెరిచి మళ్లీ మూసేశాను. బొగోబె జావ ఒట్టిదే తాగాను. నాకున్న ఒక్క జిహ్వచాపల్యాన్ని కూడా పాడుచేశాడు మా అన్న.

జనవరి 15

దవడ వాచినవాటిలో ఒకటి పోయింది. రెండో తోలు కూడా ఫెన్యో వాళ్లమ్మే వలిచింది. రెండూ వాకిట్లో పడి కంపు కొడుతుంటే నా ఒళ్లు మండిపోయింది. రెండింటినీ గోనెసంచిలో కుక్కి, నెత్తిన పెట్టుకుని అన్న ఇంటికి నడిచాను. దారి పొడుగునా ఈగలు నాతోనే వచ్చాయి.

ఆయన ఇద్దరు ఊరి పెద్దలతో కూర్చుని టీ తాగుతున్నాడు. ఖుమోని అడగడానికి వచ్చినవాళ్లు ఎంత మర్యాదస్తులో చెప్పుకుంటున్నారు. సంచి బోర్లించి తోళ్లు ఆయన కాళ్ల ముందు పడేశాను. చూసుకో, నీ పుణ్యం, అన్నాను. ఆయన ఏమీ అనలేదు. వదినని పిలిచి తోళ్లు లోపల పెట్టమన్నాడు. పెద్దలు తలలాడించి మళ్లీ టీ తాగారు.

ఆయన మొహం చూడాల్సింది. వచ్చేటప్పుడు ఒళ్లు తేలిగ్గా అనిపించింది.

జనవరి 17

పశువుల ఆఫీసు నుంచి తిరో వచ్చాడు. పొట్ట పెద్దది, అడుగు చిన్నది. ఒక మేకని మోకాళ్ల మధ్య ఇరికించి, బొటనవేలితో కంటి కింద రెప్ప లాగి చూపించాడు. ఎర్రగా ఉండాల్సినది కాగితంలా తెల్లగా ఉంది. ఏడింటికీ అంతే. తర్వాత అదే వేలితో పళ్లు కుట్టుకున్నాడు. నేను అటు తిరిగాను.

మందు ఇచ్చాడు. ముందు కొక్కేనికి తక్కెడ కట్టి ఒక్కొక్కదాన్నీ తూచాలి, బరువును బట్టి కొలిచి పోయాలి. తక్కువ పోస్తే పురుగు చావదు, మందుకి అలవాటు పడుతుంది. గొట్టం నాలుక వెనక దాకా పెట్టాలి గానీ తల పైకెత్తకూడదు, ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇదంతా ఆయన కంచెకి ఆనుకుని చెప్పాడు. చేసింది నేను. ఒకటి నా వేలు కొరికింది. ఒకటి మందు మింగినట్టే మింగి నా మొహం మీద దగ్గింది. ఇంకొకటి నా జోళ్లలోకి విరేచనం చేసింది. జోళ్లు పారేశాను.

నాకు వీటి మీద ఆశేమీ లేదు. నిలబడగలిగితే చాలు, తోలుకుపొమ్మంటాను.

జనవరి 18

వేడినీళ్లు, ఉప్పు, ఆస్పత్రి రబ్బరు తొడుగులు. ఏడింటి వెనకలూ కడిగి, గడ్డకట్టిన బొచ్చు కత్తిరించాను. ఇంతకంటే ఏం రాయను.

జనవరి 26

పొద్దున మంచు ఆరేదాకా బయటికి వదలొద్దన్నాడు తిరో. పురుగు పిల్లలు తడి గడ్డి కొసలెక్కి కూర్చుంటాయట, మేక నోటి కోసం. ఆ మాట విన్నాక నేను కూడా గడ్డిలో చెప్పుల్లేకుండా నడవడం మానేశాను. ఎండ ఎక్కేదాకా మొపానీ కొమ్మలు కొట్టి తెచ్చి వేస్తున్నాను. దొడ్డిలో పెంట రోజూ గీకి దూరంగా పోస్తున్నాను. ఆస్పత్రిలో కనీసం మిషన్లు ఉండేవి.

ఫిబ్రవరి 2

నా తెల్ల దుప్పటి తినేసింది.

అంచు కొరకడం కాదు. సగం దుప్పటి. తీగ మీదిది లాగి, మీద కూర్చుని, నా కళ్లలోకి చూస్తూ నమిలింది. కర్రతో కొట్టబోతే లేచి పరిగెత్తింది. పదిహేను రోజుల కింద నిలబడలేనిది పరిగెత్తింది. కర్ర కింద పడేసి అక్కడే నిలబడిపోయాను.

ఫిబ్రవరి 3

ఇంకొకటి ఎద్దు ఎముక ఒకటి ఎక్కడినుంచో ఈడ్చుకొచ్చి కుక్కలా కొరుకుతోంది. మిగతావి మట్టి నాకుతున్నాయి. ఒంట్లో ఖనిజాలు లేక అలా చేస్తాయని తిరో చెప్పాడు. కుళ్లిన ఎముక కొరికితే కాళ్లు పడిపోయి చస్తాయట కూడా. ఉప్పు, ఎముకల పొడి, రాగి కలిసిన ఖనిజాల పొడి, కొంచెం చెరుకు మడ్డి కలిపి పెట్టమన్నాడు. పాత టైరు సగానికి కోసి తొట్టి చేశాను. వానకి కరగకుండా పైన రేకు కట్టాను. మడ్డి కలిపితే చేతులకి పట్టిన జిగురు, ఆ వాసన, సబ్బుకి పోవడం లేదు. మేకలు తొట్టి నాకి, తర్వాత నా చేతులు నాకాయి. నాలుకలు గరుకుగా, వేడిగా ఉన్నాయి. చేతులు నాలుగుసార్లు కడుక్కున్నాను.

ఫిబ్రవరి 11

రెప్పలు చూశాను. ఐదింటికి గులాబీ రంగు. రెండింటికి ఇంకా తెలుపే. ఆ రెండింటికే మందు పోశాను.

వాటికి పేర్లు పెట్టలేదు. దుప్పటి తిన్నదాన్ని దుప్పటి అంటున్నాను. మందు గొట్టం చూడగానే మిగతావాటిని తోసుకుని వచ్చి తనిఖీ చేసేదాన్ని నర్సు అంటున్నాను. ఇవి పేర్లు కావు, గుర్తులు.

ఫిబ్రవరి 20

దవడ వాపు తగ్గింది. ఆశేమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

మార్చి 4

ఊళ్లో చావింటికి వెళ్లాను. ఎవరెవరు ఏం తెచ్చారో పెద్దాయన ఒకరు నిలబడి చెప్తారు కదా. ఫలానా ఆయన ఎద్దు, ఫలానా ఆవిడ మేక. నా వంతు వచ్చేసరికి “ఒడిరిలే చెల్లెలు, పంచదార” అన్నాడు. నా పేరు కూడా చెప్పలేదు. ఎప్పుడూ అంతే. ఈ ఊళ్లో నాదంటూ తోక ఉన్న ప్రాణి ఒక్కటి లేదు. పైకి నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి దొడ్డి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఏడు. ఆయన ఉంచుకో అన్నాడు. స్పష్టంగా అన్నాడు. నేను విన్నాను.

మార్చి 5

ఇక్కడ అబద్ధం రాసి ఎవరిని మోసం చేయాలి? ఈ మేకలు నాకు కావాలి.

మార్చి 27

ఫెన్యో వాళ్ల మేకపోతు కంచె దూకి వచ్చింది. దాని గడ్డం మీద అదే ఉచ్చ పోసుకుంటుంది, ఆ కంపుతోనే ఆడమేకలు పడిపోతాయట. నాకు తెలిసిన కొందరు మగాళ్లు గుర్తొచ్చారు. కర్ర తీసుకుని వెళ్లేసరికి దుప్పటి దగ్గర దాని పని అయిపోయింది. ఫెన్యో వాళ్లమ్మ కంచె అవతల నుంచి “కట్నం ఏమీ అడగనులే” అంది. కర్ర వెనక్కి తెచ్చేశాను.

ఏప్రిల్ 19

దుప్పటి మళ్లీ మేకపోతు వైపు తిరిగి చూడలేదు. కడుపు నిలిచిందన్నమాట. దానికి తొట్టిలో ఇంకో గుప్పెడు ఎముకల పొడి వేశాను.

ఏడింటికీ బొచ్చు నిగనిగలాడుతోంది. రెప్పలు ఎర్రగా ఉన్నాయి. పెంట గుండ్రంగా, పొడిగా, చీపురుతో తుడిస్తే గలగలా దొర్లుతోంది. పెంట చూసి సంతోషపడే రోజు వస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ల నోరు బ్లీచింగుతో కడిగేదాన్ని.

మే 8

అన్న దారిన పోతూ కంచె దగ్గర ఆగాడు. ఈసారి రుమాలు లేదు. చాలాసేపు చూశాడు. “బాగానే ఉన్నాయే” అన్నాడు. నాకు ఆ ‘బాగానే’ నచ్చలేదు.

మే 23

అనుకున్నంతా అయింది.

ఖుమో పెళ్లి జూలైలో పెట్టుకున్నారు. అన్న వచ్చి నా తొట్టి మీద కాలు పెట్టి నిలబడి, పెళ్లికి మూడు కోస్తానని, మిగతావి ఇక తన దొడ్డికి తోలుకుపోతానని చెప్పాడు. ఇన్నాళ్లు చూసినందుకు నాకు కొత్త దుప్పటి కొనిస్తాడట. నవ్వుతూ చెప్పాడు.

“నువ్వు ఉంచుకో అన్నావు అన్నా.”

“ఉంచు అన్నాను. నీ చెవుల్లో ఆస్పత్రి మిషన్ల మోత ఇంకా పోయినట్టు లేదు.”

తన దగ్గర జాగా లేక మేపడానికి ఇచ్చాడట. మఫీసా ఇచ్చాడట. ఉన్నవాడు లేనివాడికి పశువుల్ని మేపుకి ఇస్తే అది మఫీసా. చావబోయే వాటిని ముక్కు మూసుకుని విసిరేసి పోతే దాన్నేమంటారో ఆయన చెప్పలేదు. ఆ నోట్లోంచి మా అమ్మ పేరు కూడా వచ్చింది, మనం ఒక కడుపున పుట్టినవాళ్లం అన్నాడు. నాకు ఆ పురుగుల పొట్ట చూసినప్పటి కంటే ఎక్కువ వెగటు వేసింది.

ఇవ్వనన్నాను. ఖోట్లాకి వెళ్దాం, ఊరి పంచాయితీలో పెద్దల ముందే తేల్చుకుందాం అన్నాను. అక్కడ నిజం నిలుస్తుంది.

మే 24

ఒక్క అక్షరం తేడా. ఉంచు. ఉంచుకో. నేను సరిగ్గానే విన్నాను.

జూన్ 6

ఖోట్లా అయిపోయింది.

మగవాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు. ఆడవాళ్లం భుజాల మీద శాలువా కప్పుకుని, తలకి గుడ్డ కట్టుకుని నేల మీద కూర్చున్నాం. అన్న చాలా మర్యాదగా మాట్లాడాడు. చెల్లెలికి తోడుగా ఉంటాయని ఇచ్చానన్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పురుగులు, మందు, తొట్టి, దుప్పటి, అన్నీ. తీర్పు చెప్పే పెద్దాయన శ్రద్ధగానే విన్నాడు. మాట ఎవరిదో నేను తేల్చలేను, గాలికి పోయిన మాట, అన్నాడు. తర్వాత కొంచెం ముందుకి వంగి అడిగాడు.

“మేకలు చచ్చినప్పుడు తోళ్లు ఏం చేశావమ్మా?”

“అన్న ముందు పడేశాను.”

“ఎందుకు?”

“కోపమొచ్చి.”

మగవాళ్లలో నవ్వు. పెద్దాయన నవ్వలేదు. దానికే నాకు భయం వేసింది.

“కోపమొస్తే మాట విసురుతారు, రాయి విసురుతారు. చచ్చినదాని తోలు మోసుకెళ్లి చూపించేది మఫీసా మేపేవాళ్లే కదమ్మా. నేను దీన్ని తినలేదు, అమ్మలేదు, ఇదిగో నీ పశువు అని. సొంత మేక తోలు ఎవరైనా ఇంకొకరింటికి మోస్తారా?”

ఆ రోజు టీ తాగిన ఇద్దరూ అక్కడే ఉన్నారు. తోళ్లు చూశాం, ఒడిరిలే లోపల పెట్టించాడు, అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. ఆ రోజు అన్న ఎందుకు నోరెత్తలేదో ఇప్పుడు తెలిసింది. నేను ఆయన మొహాన పడేశాననుకున్నది ఆయన చేతికి అందించి వచ్చాను. ఈ ఊరి గాలి పీలుస్తూ పెరిగినదాన్ని, చిన్నప్పుడు మా నాన్న ముందుకి ఎవరెవరో తోళ్లు తెస్తుంటే చూసినదాన్ని, నా ఒంటికి తెలియలేదు ఏం మోస్తున్నానో. కంపు ఒక్కటే తెలిసింది.

మేకలు ఒడిరిలేవి. మేపినందుకు నాకు వచ్చే ఏడు పుట్టేవాటిలో ఒక పిల్ల. తీర్పు అది. అన్న లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు, అందరూ చూస్తుండగా. ఇంటికొచ్చి ఆ శాలువా ఉతికాను.

జూన్ 7

తోలుకుపోయాడు. దుప్పటి కడుపుతో ఉందని, దాన్ని మాత్రం కోయొద్దని చెప్పాను. కొవ్వుకీ కడుపుకీ తేడా నాకు నేర్పుతావా, దుప్పట్లు ఉతికినదానివి, అన్నాడు.

జూన్ 8

తొట్టి బోర్లించాను.

జూన్ 15

వాకిలి శుభ్రంగా ఉంది. ఏ వాసనా లేదు. ఇదే కదా కావాలనుకున్నాను.

జూన్ 30

ఖుమో వచ్చింది. చిన్నప్పుడు దాని అమ్మకి జబ్బు చేస్తే రెండేళ్లు నా దగ్గరే పెరిగింది. పెళ్లికి రాకపోతే నేనూ పీటలెక్కను అత్తా, అని నా ఒళ్లో తల పెట్టుకుంది. మేకల సంగతి దానికి తెలుసు. సిగ్గుపడుతోంది. దాని సిగ్గు చూడలేక వస్తానన్నాను.

జూలై 11

నిన్న పెళ్లి. రాయాలి. చేతులు ఇంకా కంపు కొడుతున్నాయి.

పెళ్లయిన ఆడవాళ్లందరూ ఖుమోని లోపల కూర్చోబెట్టుకుని కాపురం గురించి బుద్ధులు చెప్పారు. పెళ్లికానిదాన్ని కాబట్టి నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు. పాలు పట్టని అమ్మలాగా రెండేళ్లు పెంచాను గానీ దానికి చెప్పడానికి నా దగ్గర బుద్ధులు లేవట. పేగులు కడిగే చోటికి వెళ్లమన్నారు. మగవాళ్లు మేకల్ని కోసి, పొట్టలూ పేగులూ తొట్లలో మా ముందు గుమ్మరించి పోతారు. ఇంటి వెనక, కట్టెల కుప్ప పక్కన, నేనూ ఫెన్యో వాళ్లమ్మా కూర్చున్నాం.

మూడో తొట్టి వచ్చింది. నాలుగో పొట్ట చీల్చి చూశాను, ఆగలేకపోయాను. గులాబీ రంగులో ఉంది, ఒక్క పురుగు లేదు. బాగుచేశాను నిన్ను, అనుకున్నాను. ఏ మేకో అప్పటికి తెలియదు. పేగులు పక్కకి తీస్తే కింద గర్భసంచి కనిపించింది. కోసినవాడు చూడకుండా అన్నిటితో కలిపి లాగేసి తెచ్చాడు. లోపల రెండు పిల్లలు. ఇంకా బొచ్చు రాలేదు. గిట్టలు మెత్తగా, తెల్లగా ఉన్నాయి. ఒకదాని నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

ఫెన్యో వాళ్లమ్మ నవ్వలేదు. ఆవిడ మొదటిసారి అసహ్యపడటం చూశాను. పెళ్లినాడు, పెళ్లికూతురి ఇంట్లో కడుపుతో ఉన్నదాన్ని కోశారని తెలిస్తే పెళ్లివారు లేచి వెళ్లిపోతారు కెనా, ఖుమో కడుపుకి ముడిపెడతారు, అని గుసగుసగా అంది. ఆవిడ చెప్పకముందే నాకు తెలుసు. పిల్లల్ని మూత ఉన్న బకెట్‌లో పెట్టాను. చేతులు కడుక్కున్నాను. అన్నని పిలవమన్నాను.

కొత్త కోటు వేసుకుని వచ్చాడు. మాంసం మెచ్చుకుంటున్నారు, వియ్యంకుడి చిన్నాన్న రెండోసారి వడ్డించుకున్నాడు, ఈ ఏడు ఇంత కొవ్వు ఎక్కడా చూడలేదంటున్నాడు, అని చెప్తున్నాడు. నేను మూత తీసి చూపించాను. ఆయన రుమాలు కోసం జేబు తడుముకున్నాడు.

నేను చెప్పాను కదా అనలేదు. అది అనడం కోసం పిలవలేదు.

“మిగిలిన నాలుగు మేకలూ ఇప్పుడు నాతో వస్తాయి. లేదంటే ఈ బకెట్ తీసుకెళ్లి టెంటులో నీ వియ్యంకుడి బల్ల మీద పెడతాను.”

“మతి పోయిందా నీకు. నీ మేనకోడలి పెళ్లి ఇది.”

“గేటు తియ్యి అన్నా.”

“ఖోట్లా తీర్పు ఉంది.”

“వచ్చే వారం నువ్వే పెద్దాయన దగ్గరికి వెళ్లి చెప్పు, చెల్లెలికి ఇచ్చేశానని. మాట గాలికి పోకుండా అందరూ ఉన్నప్పుడు చెప్పు.”

నా మొహంలోకి చూశాడు. మా అమ్మ పోలిక నాకే వచ్చిందంటారు. టెంటులో పాట మొదలైంది, ఖుమోని బయటికి తెస్తున్నారు. నేను బకెట్ ఎత్తి రెండడుగులు అటు వేశాను. ఆయన ఇటు పరిగెత్తి దొడ్డి గేటు తీశాడు. కొత్త కోటు చేతికి పెంట అంటింది.

ఒక చేత్తో బకెట్, ఒక చేత్తో కర్ర. ఇంటి వెనక నుంచి దారి ఉంది. నేను టెంటు మధ్యలోంచే తోలుకొచ్చాను. నర్సు ముందు నడిచింది, దారిలో ఎవరి పళ్లెంలోంచో క్యాబేజీ ఆకు లాక్కుంది. వియ్యంకుడి చిన్నాన్న ఇవెవరి మేకలమ్మా అని అడిగాడు. నావే, అన్నాను. అన్న వినపడేంత దూరంలోనే ఉన్నాడు. ఖుమో చెయ్యి ఊపింది. దానికి ఏమీ తెలియదు, అత్త మేకలు అత్తకి ఇచ్చేశారని సంతోషపడింది.

పిల్లల్ని ఇంటి వెనక లోతుగా పాతాను, కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పెట్టాను. తర్వాత తొట్టి తిరగేసి ఉప్పు వేశాను.

జూలై 12

పెళ్లివారి ముందు ఆ బకెట్ మూత తీసేదాన్ని కాదు. బెదిరించాను, అంతే. ఖుమో నా చేతుల్లో పెరిగిన పిల్ల. దాని పెళ్లి పాడుచేస్తానా? అన్న పిరికివాడని తెలుసు కాబట్టి అలా అన్నాను. నాలుగింటి రెప్పలూ చూశాను, ఒకదానికి కొంచెం పాలిపోయింది. ఆ దొడ్డిలో నెల రోజులు తడి పెంటలో నిలబెట్టాడు మరి. రేపు తూచి మందు పోయాలి.

జూలై 13

తీసేదాన్ని.